ఆ ఏడాది ఆటలు జరగలేదు

మహీధర్‌కి సింగపూర్ వచ్చిన కొత్తలో ఆదివారం అంటే బెంగగా ఉండేది. మిగతా రోజుల సంగతి ఆఫీసు చూసుకునేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీకులు మరిచిపోతాయని ప్రపంచమంతా హడలిపోతున్న కాలమది. ఆ హడలే అతనిలాంటి వందలమంది కుర్రాళ్ళకి విమానం టిక్కెట్టయింది. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాముల్లో తారీకులు వెతకడం, దిద్దడం, మళ్ళీ నడిపి చూడడం. ఆదివారం వస్తే మాత్రం అద్దె ఫ్లాట్‌లో ఫ్యాను కింద పడుకుని తెనాలిని తలుచుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు.

అదే ఫ్లాట్‌లో ఉండే ఉదయ్‌కిరణ్‌ది వరంగల్. ఇద్దరిదీ ఒకటే కంపెనీ. ఓ ఆదివారం అతను ఎక్కడినుంచో ఒక బ్యాటూ టెన్నిస్ బంతీ పట్టుకొచ్చి, పడుకుంటే రోజు గడవదని మహీధర్‌ని లేవగొట్టి పార్కుకి లాక్కెళ్ళాడు.

వాళ్ళుండే సెంబవాంగ్ ద్వీపానికి ఉత్తరపు కొస. అక్కడ సముద్రం ఒడ్డునే ఆ పార్కు. ఎదురుగా సన్నటి జలసంధి, అవతలి ఒడ్డున మలేసియా. పాత జెట్టీ మీద జనం గాలాలు వేసి గంటలకొద్దీ కూర్చునేవాళ్ళు. చెట్ల కింద సంసారాలు చాపలు పరుచుకుని చేపలు కాల్చుకునేవి. పార్కు వెనకభాగంలో, నిద్రగన్నేరు చెట్ల మధ్య, చక్కటి పచ్చిక మైదానం ఒకటుంది. దాని పక్కన నాలుగు స్తంభాల మీద రేకుల పందిరి. ఆ పందిరి కింద కొందరు ముసలివాళ్ళు క్యారమ్స్ ఆడుతుంటే, ఉదయ్‌కిరణ్ కొట్టిన మొదటి బంతే వెళ్ళి ఆ బోర్డు మీద పడి కాయిన్లన్నీ చెల్లాచెదురు చేసింది.

మహీధర్ పరుగెత్తుకెళ్ళి ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పుకుంటుంటే, బంతి చేతిలో పట్టుకున్న సన్నటి పెద్దమనిషి అతణ్ణి కాసేపు ఎగాదిగా చూశాడు.

"బంతి ఇత్తాను గానీ, ఏ ఊరోడివి అబ్బాయ్?" అన్నాడు తెలుగులో.

అలా పరిచయమయ్యాడు గురునాథం. యుద్ధానికి ముందు తెల్లవాళ్ళు ఇక్కడ నౌకాస్థావరం కట్టేటప్పుడు ఆయన తండ్రి అనకాపల్లి వైపు నుంచి కూలిపనికి వచ్చాడు. గురునాథం ఇక్కడే, ఈ మైదానం వెనక ఒకప్పుడుండే కూలీల క్వార్టర్స్‌లో పుట్టాడు. డాక్‌యార్డు సామాన్ల గోదాములో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అనకాపల్లి ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు, కానీ మాటలో మాత్రం ఆ ఊరు అలాగే ఉంది. దానికి తోడు అరవం, మలయ్ కలిసిపోయాయి. మైదానాన్ని పాదాంగ్ అనేవాడు. భోజనం చేశావా అనడానికి మకాన్ అయిందా అనేవాడు.

తర్వాతి ఆదివారాల్లో ఆట అయిపోగానే మహీధర్ ఆ పందిరి కిందకే చేరేవాడు. ఇంటి నుంచి గురునాథం భార్య భ్రమరాంబ టిఫిన్ డబ్బా పంపేది. అందులో ఉప్మా ఉన్నా పులిహోర ఉన్నా, సగం కుర్రాళ్ళకే వెళ్ళేది. తింటూ ఆయన చెప్పే కబుర్లు వినేవాళ్ళు. ఆ పార్కు మొత్తం ఒకప్పుడు తెల్ల ఆఫీసర్ల విహారస్థలమట. పాదాంగ్ మీద వాళ్ళు క్రికెట్టూ హాకీ ఆడేవాళ్ళు. కూలీల పిల్లలు గట్టు మీద నిలబడి చూడాలే తప్ప గడ్డి మీద కాలు పెట్టకూడదు. ఏడాదికి ఒక్క ఆదివారం మాత్రం కూలీల సంసారాలన్నిటికీ అక్కడ ఆటలు పెట్టేవాళ్ళు. గోనెసంచి పందెం, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నడిచే పందెం, చివర్లో తాడు లాగే పందెం. గెలిచినవాళ్ళకి తువ్వాళ్ళూ సబ్బులూ ఇచ్చేవాళ్ళు. మర్నాటి నుంచి మళ్ళీ గట్టు మీదే.

"తెల్లోళ్ళు పడవెక్కి ఎల్లిపోయిన వారం, మా క్వార్టర్స్ లైన్లోళ్ళం అందరం ఒచ్చాం. చెప్పులిప్పి ఆ కొసనించి ఈ కొసకి నడిచాం. భక్తితో కాదు అబ్బాయ్. గడ్డి ఎలాగుంటాదో చూద్దారని," అన్నాడు గురునాథం ఒకసారి.

తరవాత స్థావరం ఓడలు బాగుచేసే యార్డు అయింది. క్వార్టర్స్ పడగొట్టారు. వాటిలో ఉన్న తెలుగువాళ్ళు, మలయాళీలు, అరవవాళ్ళు, మలయ్‌లు ద్వీపమంతా కట్టిన ఫ్లాట్లలోకి చెదిరిపోయారు. గురునాథం ఒక్కడే నడిచొచ్చేటంత దూరంలో మిగిలాడు. అయినా ఏడాదికోసారి, జులైలో ఒక ఆదివారం, వాళ్ళంతా పాదాంగ్ మీద కలిసేవాళ్ళు. దానికి సంఘం లేదు, అధ్యక్షుడు లేడు. గురునాథం వెళ్ళి పార్కు ఆఫీసులో చెప్పేవాడు, ఫోన్లు చేసేవాడు, జనం వచ్చేవాళ్ళు.

తొంభైతొమ్మిదిలో మహీధర్ కూడా వెళ్ళాడు. ముసలివాళ్ళూ వాళ్ళ మనవలూ కలిసి తాడు లాగడం చూశాడు. బసవయ్య అని గురునాథం చిన్ననాటి స్నేహితుడు, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినవాడు, సెంగ్‌కాంగ్‌లో కూతురింటి నుంచి చక్రాల కుర్చీలో వచ్చాడు. వయసులో తాడుకి చివరి మనిషి ఎప్పుడూ ఆయనేనట. ఆయన ఎడంచేతికి తాడు కొస అందించి, ఆయన పట్టుకున్నాకనే పందెం మొదలుపెట్టారు. బసవయ్య భార్య ఈరమ్మ మహీధర్‌ని ఎవరబ్బాయివని అడిగి, ఇక్కడ ఎవరూ లేరంటే, అయితే మా వరసలో కూర్చోమని అరిటాకు వేసింది. ఆ మధ్యాహ్నం అతనికి తెనాలి గుర్తురాలేదు.

రెండువేలు వచ్చింది. కంప్యూటర్లు తారీకులు మరిచిపోలేదు. ఆఫీసులో కేకు కోసి సంబరం చేసుకున్నారు, ఆ వెంటనే ఇంతమంది అవసరమా అన్న లెక్క మొదలైంది. మరోవైపు ఇంటర్నెట్ పేరుతో కొత్త పనులు వస్తున్నాయి. ఒక బ్యాంకు పని రాబోతోందని, దానికి ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో మేనేజరు సుధాకరరావు తేలుస్తాడని అందరికీ తెలుసు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే సామాను సర్దుకోవడమే. సుధాకరరావుకి అప్పుడే ఒక ముచ్చట పుట్టింది. బ్యాంకువాళ్ళతో క్రికెట్ టోర్నమెంటు పెడితే స్నేహం బలపడుతుందని. మైదానం వెతికే పని మహీధర్ మీద పడింది. ఎక్కడ అడిగినా జులై ఆదివారాలు ఖాళీ లేవన్నారు.

ఆ రోజుల్లోనే గురునాథానికి కంటి ఆపరేషన్ అయింది. బయటికి వెళ్ళొద్దన్నారు. పార్కు ఆఫీసులో పాతాయన రిటైరయ్యాడని, కొత్తవాళ్ళు అన్నీ కంప్యూటర్లో చూసి ఇస్తున్నారని ఆయన విన్నాడు. మహీధర్‌ని పిలిపించి, జులై మూడో ఆదివారానికి పాదాంగ్ అడగమన్నాడు.

"నువ్వయితే ఆ కంపూటర్ బాష మాటాడగలవు. నా పేరు సెప్పు, సాలు."

మహీధర్ బస్సులో వెళుతూ గురునాథం అన్న పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా చెప్పాలో మనసులో రెండు మూడుసార్లు అనుకున్నాడు. ఆఫీసులో ఉన్నది చిన్నవయసు చైనా అమ్మాయి. మర్యాదగా కూర్చోబెట్టి తెర వంక చూసింది. మూడో ఆదివారం ఖాళీగానే ఉంది. ఆ నెలలో మిగిలింది అదొక్కటే. ఆగస్టు నుంచి పార్కులో పనులు మొదలవుతాయి కాబట్టి ఆ మైదానం ఇక ఎవరికీ ఇవ్వరని కూడా చెప్పింది. తరవాత, ఏ సంస్థ పేరు మీద ఇవ్వమంటారు అని అడిగింది.

సంస్థ. గురునాథం వెనక సంస్థ ఏదీ లేదు. ఆ పొద్దున్నే సుధాకరరావు ఫోన్ చేసి గ్రౌండు ఏమైందని అడిగిన గొంతు మహీధర్ చెవిలో ఉంది. తన కంపెనీ పేరు చెప్పాడు. ఆ అమ్మాయి ఆ పేరు తెలిసినదే అన్నట్టు తలూపింది. పని అయిపోయింది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు, ఆమె అడిగింది సంస్థ పేరే కదా, గురునాథం పేరు చెబితే ఇచ్చేవాళ్ళు కాదేమో అని తనకి తాను చెప్పుకున్నాడు. ఇచ్చేవాళ్ళని అతనికి తెలుసు.

సుధాకరరావుకి ఫోన్ చేసినప్పుడు ఇంకో మాట కూడా అన్నాడు. ఆ తేదీ కోసం ఇక్కడి పాత జనం కూడా చూస్తున్నారు సార్, ముందు నేను పట్టేశాను, అని. ఆ మాట అనాల్సిన అవసరమే లేదు. మెప్పు కోసం నోటి నుంచి జారింది.

గురునాథం ఇంటికి సాయంత్రం వెళ్ళాడు. ఆయన ఒక కంటికి కట్టుతో సోఫాలో ఉన్నాడు. ఆ ఆదివారం ఎవరో ముందే తీసేసుకున్నారట అంకుల్ అని చెప్పాడు మహీధర్. ఎవరని అడిగితే ఏదో కంపెనీ అన్నాడు.

"కంపినీయోళ్ళా. సరిలే, ఆళ్ళకీ ఆడుకోవాలనుంటాది గదా," అన్నాడు గురునాథం. మిగతా ఆదివారాల మాట అడిగాడు. అవి నిండిపోయాయని, ఆగస్టు నుంచి మైదానమే ఉండదని మహీధర్ చెప్పాడు. అది నిజం. ఒక్కటైనా నిజం చెప్పగలిగినందుకు అతనికి కొంచెం ఊపిరాడింది.

భ్రమరాంబ కాఫీ తెచ్చింది. అతను తాగుతుండగానే గురునాథం ఫోన్ ముందు పెట్టుకుని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. నంబర్లన్నీ ఆయనకి నోటికొచ్చు. ఒకరితో మలయ్‌లో, ఒకరితో అరవంలో, ఒకరితో తెలుగులో, ఈ ఏడాది ఆటలు లేవని చెబుతూ పోయాడు. పాదాంగ్ పోతోందన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. బసవయ్య ఇంటికి చేసినప్పుడు ఈరమ్మ తీసింది. ఆమె చెప్పేదంతా గురునాథం విన్నాడు. చివరికి, "ఆడికి నెమ్మదిగా సెప్పు వదినా," అని పెట్టేశాడు. మహీధర్ లేచి వెళ్ళిపోవాలనుకున్నాడు. కాఫీ ఇంకా సగం ఉంది. భ్రమరాంబ చేసిన కాఫీ వదిలేసి వెళ్ళడం ఎలాగో తెలియక కూర్చున్నాడు.

ఇంతలో ఉదయ్‌కిరణ్ ఏమీ తెలియక ఒక పని చేశాడు. టోర్నమెంటుకి అంపైర్ కావాలంటే, కట్టు విప్పించుకుని మళ్ళీ పందిరి కిందికి వస్తున్న గురునాథాన్నే అడిగాడు. ఆయన ఒప్పుకున్నాడు. మహీధర్ ఎదురుపడినప్పుడు నవ్వాడు కూడా.

"మీ కంపినీయోళ్ళే అని అప్పుడే సెప్పొద్దా అబ్బాయ్? సిగ్గుపడిపోయుంటావు. ఆళ్ళు పైనెక్కడో తీసుకుంటే నువ్వేం సేత్తావులే."

చెప్పడానికి అది మంచి సమయం. మహీధర్ నోరు తెరిచాడు కూడా. కళ్ళకి మంచిదే కదా అంకుల్, ఎండలో నిలబడొచ్చా అని అడిగాడు.

టోర్నమెంటు రోజు ఎండ బాగా కాసింది. గురునాథం తెల్లచొక్కా, తెల్లప్యాంటు ఇస్త్రీ చేయించుకుని వేసుకొచ్చాడు. తలకి పాత గుడ్డటోపీ. బంతులు లెక్కపెట్టుకోవడానికి జేబులో గులకరాళ్ళు. బ్యాంకువాళ్ళలో ఇద్దరు ఇంగ్లీషువాళ్ళుంటే, వాళ్ళతో ఆయన చక్కగా మాట్లాడాడు. ఈ గడ్డి మీద వాళ్ళ దేశస్థులు ఆడడం తాను గట్టు మీదినుంచి చూశానని చెబితే వాళ్ళు ఆశ్చర్యపోయి చెయ్యి కలిపారు.

భోజనాల వేళ పందిరి కింద సుధాకరరావు మైకు పట్టుకున్నాడు. బ్యాంకువాళ్ళకి ధన్యవాదాలు చెప్పాడు. మనవాళ్ళ చురుకుతనం గురించి చెబుతూ మహీధర్‌ని వేలితో చూపించి, ఈ గ్రౌండు కోసం ఇక్కడి పాతజనం కూడా ప్రయత్నిస్తుంటే వాళ్ళకంటే ముందు ఆఫీసుకెళ్ళి పట్టేసింది ఇతనే, ఇలాంటివాళ్ళే మన కొత్త ప్రాజెక్టుకి కావాలి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉదయ్‌కిరణ్ ఒక్కడే కొట్టబోయి, చేతులు దించేసుకుని మహీధర్ వంక చూశాడు.

గురునాథం పేపరుప్లేటు చేత్తో పట్టుకుని ఒక స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఇంగ్లీషు ఆయనకి సుధాకరరావుకంటే బాగా వచ్చు. మహీధర్ తలెత్తేసరికి ఆయన తన వైపే చూస్తున్నాడు. కోపంగా కాదు. కొత్తకంటితో ఏదో దూరపు వస్తువు పోల్చుకోవడానికి చూస్తున్నట్టు. తరవాత ప్లేటు బుట్టలో పడేసి, టోపీ పెట్టుకుని, అందరికంటే ముందు వెళ్ళి వికెట్ల వెనక నిలబడ్డాడు.

మహీధర్ బ్యాటింగుకి వెళ్ళాడు. గార్డు తీసుకోవడానికి బ్యాటు నిలబెట్టి చూశాడు. మామూలుగా అయితే, ఇటు జరుగు అబ్బాయ్, అనేవాడాయన.

"మీరు కొంచెం ఎడంపక్కకి జరగండి," అన్నాడు గురునాథం.

మహీధర్ జరిగాడు. తరవాత ఎన్ని పరుగులు చేశాడో అతనికి గుర్తులేదు. వాళ్ళే గెలిచారు. కప్పు పట్టుకుని ఫొటో తీయించుకునేసరికి గురునాథం వెళ్ళిపోయాడు. వికెట్లు ఒకదాని పక్కన ఒకటి చక్కగా పేర్చి, మీద గులకరాళ్ళు పెట్టి వెళ్ళాడు.

ఆ రాత్రి ఉదయ్‌కిరణ్ ఒక్క మాటే అన్నాడు. "నాకన్న చెప్పాల్సింది రా. నేను పోయి ముసలాయన్ను పిలిచేటోణ్ణి కాదు గదా."

బ్యాంకు ప్రాజెక్టులో మహీధర్ పేరు వచ్చింది. ఉదయ్‌కిరణ్ పేరు కూడా వచ్చింది, కానీ ఆ తరవాత ఇద్దరూ కలిసి ఆదివారాలు బయటికి వెళ్ళడం మానేశారు. మహీధర్ సెంబవాంగ్‌లో బస్సు దిగితే పార్కు వైపు కాకుండా చుట్టుతిరిగి ఇంటికి వెళ్ళేవాడు. ఒకసారి బజారులో భ్రమరాంబ కనిపిస్తే, బెండకాయలు ఏరుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. ఆవిడ ఆగి, ఈమధ్య రావట్లేదేం బాబూ అని అడిగింది. అంటే ఆయన ఇంట్లో చెప్పలేదన్నమాట. అది తెలిసి అతనికి ఇంకా కష్టమైంది. ఆవిడ బలవంతంగా ఒక కొత్తిమీర కట్ట అతని సంచిలో వేసి వెళ్ళింది.

ఆగస్టులో పాదాంగ్ చుట్టూ ఆకుపచ్చ రేకులు దిగ్గొట్టారు. కార్లు ఆపుకునే చోటు, పిల్లల ఆటస్థలం, జాగింగ్ బాట వస్తాయని బోర్డు పెట్టారు. పందిరి కూడా రేకుల లోపలికే పోయింది. ముసలివాళ్ళు క్యారమ్ బోర్డుని కాఫీ షాపుకి మార్చుకున్నారు.

సెప్టెంబరులో బసవయ్య పోయాడు. గురునాథం ఆ కబురు ఉదయ్‌కిరణ్‌కి చెప్పాడు. అతను వచ్చి, మొహం చూడకుండా, నువ్వు వస్తవా అని అడిగాడు. మహీధర్ చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

సెంగ్‌కాంగ్ అప్పుడప్పుడే లేస్తున్న ఊరు. ఎక్కడ చూసినా కొత్త ఫ్లాట్లు, కొత్త రంగులు, ఇంకా నీడ పట్టని చిన్న చిన్న మొక్కలు. బసవయ్య కూతురుండే బ్లాకు కింది ఖాళీస్థలంలో తెల్లగుడ్డలు కట్టి, గుండ్రటి బల్లలు వేశారు. సాయంత్రం అవుతోంది. మహీధర్ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు. కిందటేడు పాదాంగ్ మీద చూసిన మొహాలన్నీ అక్కడున్నాయి. గోనెసంచి పందెంలో పడిపోయి నవ్విన మలయాళీ పెద్దాయన. నిమ్మకాయలు పంచిన మలయ్ ముసలామె. జలసంధి అవతలి జొహోర్ నుంచి వచ్చినవాళ్ళు, సెరంగూన్ నుంచి వచ్చినవాళ్ళు. జులైలో కలవాల్సినవాళ్ళంతా ఇప్పుడు కలిశారు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, ఎన్నాళ్ళయింది, కిందటేడు ఆటల్లో చూశాను, అనుకుంటున్నారు.

మహీధర్ ఒక మూల నిలబడలేక, చల్లటి పానీయాల ప్యాకెట్లు బల్లలకి అందించసాగాడు. ఈరమ్మ పక్కన ఆమె మనవరాలు అనన్య కూర్చుని ఉంది. కాలేజీ పిల్ల. వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఎవరో ఆటల మాటే ఎత్తారు.

"జులై అంతా అడుగుతూనే ఉన్నాడు," అంది ఈరమ్మ, ఏడుపు లేకుండా, అలసిపోయిన గొంతుతో. "ఆదివారం ఎప్పుడు, ఆదివారం ఎప్పుడు అని. లేదంటే నమ్మడు. పిల్లలు తిప్పలేక అబద్దమాడతన్నారంటాడు. ఇంతకీ ఎవరు తీసుకున్నారు, మరిదీ, పాదాంగ్‌ని?"

గురునాథం ఎదురుగానే ఉన్నాడు. మహీధర్ చేతిలో ప్యాకెట్లతో ఆయన కుర్చీ వెనకే ఉన్నాడు.

"ఎవరో కంపినీయోళ్ళు వదినా. మనకి తెలీనోళ్ళు," అన్నాడాయన.

ఆ మాటతో అది అక్కడితో ఆగిపోయేది. ఈరమ్మ తలూపి అటు తిరిగింది కూడా. తను మాట్లాడుతున్నాడని మహీధర్‌కి తన గొంతు విన్నాకే తెలిసింది.

"నేనే ఆంటీ. అంకుల్ నన్నే పంపారు అడగడానికి. ఖాళీగానే ఉంది. నేను మా కంపెనీ పేరు చెప్పాను."

అనన్యకి తెలుగు సగమే అర్థమై, వాట్ డిడ్ హీ సే అన్నట్టు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని కదిపింది. ఈరమ్మ అతని మొహంలోకి చూసింది. కిందటేడు అరిటాకు వేసిన కుర్రాణ్ణి గుర్తుపట్టింది. ఆమె తిడుతుందని అతను ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"గెలిచారా మరి?" అని అడిగింది.

వెటకారం కాదు. ఆట అన్నాక అడిగే మాట అది, ఆమె అడిగింది.

"గెలిచాం ఆంటీ."

"సరి," అంది ఈరమ్మ. పక్కనామె భుజం మీద చెయ్యి వేసుకుని లేచి లోపలికి వెళ్ళింది.

గురునాథం మహీధర్‌ని మోచేతి దగ్గర పట్టుకుని, గుడ్డలు దాటించి, బస్టాపు దాకా నడిపించుకొచ్చాడు. ఆయన పట్టు గట్టిగానే ఉంది. బెంచీ మీద కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. మహీధర్ క్షమించమని మొదలుపెట్టబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నేను దాచింది మీ కోసమనుకున్నారా? శవం లేవని ఇంట్లో ఆ మాట వద్దని. ఆమెకి మొగుడు పోయిన దుక్కం ఒకటే ఉండాలి ఇయ్యాళ. ఇప్పుడు ఇదీ చేరింది. మీకు బరువు దిగింది. దింపుకోవడానికి ఆ చోటే దొరికిందా?"

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది, వాళ్ళెక్కలేదు. గురునాథం కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తెల్లగుడ్డల వైపు వెళ్ళిపోయాడు. మహీధర్ తరవాతి బస్సెక్కాడు.

ఆ తరవాత అతను ఆదివారాలు కాఫీ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. గురునాథం రండి, కూర్చోండి అనేవాడు. కాఫీ తెప్పించేవాడు. క్యారమ్స్‌లో మనిషి తక్కువైతే ఆడమనేవాడు. ఆఫీసు సంగతులు మర్యాదగా అడిగేవాడు. పాదాంగ్ కబుర్లు మాత్రం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. మహీధర్‌కి అడగాలనిపించేది. క్వార్టర్స్ ఏ వైపుండేవి, తువ్వాళ్ళు ఏ రంగువి ఇచ్చేవాళ్ళు, తెల్లవాళ్ళు వెళ్ళిన వారం గడ్డి నిజంగా ఎలా ఉంది అని. అడిగే హక్కు తనకి లేదనిపించి స్ట్రైకర్ వంకే చూస్తూ ఉండేవాడు.

రెండువేల ఒకటి చివర్లో ఇంటర్నెట్ బుడగ పగిలి, బ్యాంకు ప్రాజెక్టు మధ్యలో ఆగింది. సుధాకరరావునే ముందు పంపేశారు. మహీధర్ కొన్నాళ్ళు ఉద్యోగం లేక తిరిగి, కిందా మీదా పడి ఇంకో చోట చేరాడు. ఉదయ్‌కిరణ్ మెల్బోర్న్ వెళ్ళిపోయాడు. పార్కులో పని కూడా అప్పటికి పూర్తయింది.

ఆ మరుసటి జులైలో ఈరమ్మ అందరినీ పిలిచింది. పాదాంగ్ లేదు కాబట్టి అడగాల్సిన ఆఫీసూ లేదు. సముద్రం ఒడ్డున చెట్ల కింద, అందరిలాగే చాపలు పరుచుకుని కూర్చుందామంది. మహీధర్‌కి కూడా కబురు పంపింది. అతను ట్యాక్సీలో గిన్నెలు తీసుకొచ్చాడు, నీళ్ళ డబ్బాలు మోశాడు.

వచ్చినవాళ్ళు తక్కువ. కొందరికి ఒంట్లో బాగాలేదు, కొందరు పాదాంగ్ లేకపోతే ఎందుకన్నారట. తాడు లాగడానికి చోటు లేదు. జాగింగ్ చేసేవాళ్ళు, సైకిళ్ళ పిల్లలు పక్కనుంచి పోతున్నారు. ఒకప్పటి మైదానం మీద రంగురంగుల జారుడుబల్లలు, ఊయలలు. సెంగ్‌కాంగ్ నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చిన చిన్న సంసారాలు అక్కడ సందడిగా ఉన్నాయి. తెలుగుమాట కూడా రెండుమూడు చోట్ల వినబడింది. ఆ పిల్లల ఆనందంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మహీధర్ చాలాసేపు అటే చూశాడు. తను కంపెనీ పేరు చెప్పకపోయినా ఆ జారుడుబల్లలు వచ్చేవే. కానీ వాటికి ముందు ఒక్క ఆదివారం ఉండేది. ఎడంచేత్తో తాడు కొస పట్టుకునే మనిషి బతికి ఉండగా, ఒక్క ఆదివారం.

తిన్నారు. గురునాథం బసవయ్య పేరు తలచి నాలుగు ముక్కలు చెప్పాడు. వాన మబ్బు పట్టేసరికి అందరూ చాపలు చుట్టడం మొదలుపెట్టారు. మహీధర్ ఎంగిలి ప్లేట్లు పెద్ద సంచీలోకి ఎత్తుతుంటే, పక్కన ఈరమ్మ గిన్నెలు సర్దుతూ, వచ్చే ఏడు ఇంకాస్త నీడ ఉన్న చోటు చూసుకోవాలి, సెంగ్‌కాంగ్‌లో కొత్త పార్కు ఉందంటున్నారు అంది.

"నేను వెళ్ళి కనుక్కుంటాను ఆంటీ," అన్నాడు మహీధర్.

ఈరమ్మ గిన్నె మూత తిప్పి బిగించింది.

"నువ్వొద్దులే బాబూ. మా అనన్య చూస్తాది," అంది. మాటలో చేదు లేదు. చల్లగానే అంది.

సరే ఆంటీ అన్నాడతను. సంచీ మూతి ముడివేసి, చినుకులు మొదలవుతుంటే, చెత్తకుండీ ఎక్కడుందో వెతుక్కుంటూ నడిచాడు.